మరకల జట్టు వడ్డన

పోయిన శనివారం మా అమ్మాయి సాకర్ ఆట వాన వల్ల మధ్యలో ఆగిపోయింది. పిల్లలంతా కేకలు పెడుతూ కార్లలోకి పరిగెత్తారు. నేను మడత కుర్చీతో కుస్తీ పడుతుంటే మైదానం చివర ఎవరో వేసుకున్న గుడారం నుంచి వాసన వచ్చింది. వేడి నూనెలో ఉప్పు పిండి పొంగే వాసన, దాంతోపాటే తడిసిన గడ్డి వాసన. కుర్చీ అక్కడే వదిలేసి నడిచాను.

"ఎక్కడికి? తడుస్తున్నావ్!" మా ఆవిడ కారు అద్దం దించి అరిచింది.

"పూరీలు వేస్తున్నారు!"

"సాకర్ ఫీల్డ్‌లో పూరీలేంటి? పిచ్చి గానీ పట్టిందా?"

అవి పూరీలు కావు. అరచెయ్యంత వెడల్పు, పూరీకి రెట్టింపు మందం, మధ్యలో వేలితో పొడిచిన చిల్లు. ఆ చిల్లు చూడగానే గుర్తుపట్టాను. అలాంటివి చూసి ఇరవై ఏళ్ళు దాటింది. ఉరుగ్వేలో ఓ నది ఒడ్డున ఉండి, తర్వాత లేకుండా పోయిన ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు నాకు తెలుసు. ఆ దేశం నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆ క్లబ్బు తరఫున ఒక ఆట ఆడాను. ఆ ఆటలో నేను చేసిన పని ఆ శనివారం వరకు ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి మా ఊరు ఆష్‌బర్న్‌లో ఇన్ని డేటా సెంటర్లు లేవు. మా అపార్ట్‌మెంట్ల వెనక కంచె దాటితే విశాలమైన బీడు. మెట్ల దారిలో ఎప్పుడూ మూడు వాసనలు ఉండేవి. ఆవాల పోపు, అగరొత్తులు, బట్టలు ఆరబెట్టే యంత్రం ఊదే వెచ్చటి సబ్బు వాసన. సాయంత్రాలు అంకుల్స్ అందరూ పార్కింగ్‌లో గుంపుగా నిలబడేవారు. "మీ గ్రీన్‌కార్డు ప్రయారిటీ డేట్ కదిలిందా?" అని ఒకరంటే, "కదలడమా? వెనక్కెళ్ళింది!" అని ఇంకొకరు. మాకు ఆ మాటలు వాతావరణ వార్తల్లాంటివి. ఎండ ఎప్పుడొస్తుందో పెద్దవాళ్ళకే తెలియాలి.

మా పక్క ఫ్లాట్‌లో బక్కోడు ఉండేవాడు. పేరు వేరే ఉంది గానీ మాకు వాడు బక్కోడే. హైదరాబాద్ నుంచి వచ్చి రెండేళ్ళయింది. నేను ఇక్కడే పుట్టాను. నా తెలుగు విని వాడు, వాడి ఇంగ్లీషు విని నేను పొట్ట పట్టుకుని నవ్వుకునేవాళ్ళం. బంతి కాలికి తగిలితే మాత్రం వాణ్ణి చూసి ఎవరూ నవ్వేవారు కాదు. బంతి వాడి మాట వినేది.

మా కాంప్లెక్స్‌లో గడ్డి కోసి, కుళాయిలు బాగుచేసే ఒక పెద్దాయన ఉండేవాడు. ఒక కాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. చంకలో ఎప్పుడూ ఫ్లాస్కు, చేతిలో సొరబుర్ర, దాంట్లో ఒక లోహపు గొట్టం. ఆ బుర్రలో ఏదో ఆకు వేసి, వేడినీళ్ళు పోసి పీల్చేవాడు. ఒకసారి ఆయన చూడకుండా నేనూ బక్కోడూ చెరో గుక్క పీల్చాం.

"అరే, వేపాకు కషాయం రా!" అని బక్కోడు ఉమ్మేశాడు. పెద్దాయన చెట్టు చాటు నుంచి చూస్తూ నవ్వుతున్నాడు.

ఆయన కథ మొదలైంది మా బంతి ఆయన పూలమడిలో పడిన రోజున. బంతిని పాదం కింద నొక్కిపెట్టి, "కావాలంటే కూర్చుని ఒక కథ వినండి" అన్నాడు. ఇంగ్లీషూ స్పానిషూ కలిపి చెప్పేవాడు. మాకు అర్థమైనంత అర్థమయ్యేది, మిగతాది చేతులు చెప్పేవి. వాళ్ళ ఊళ్ళో పిల్లలు కోచ్‌ని 'ప్రొఫె' అంటారట. మేమూ అలాగే పిలిచాం.

వాళ్ళ ఊళ్ళో గొర్రెల ఉన్ని కడిగే కార్ఖానా ఒకటి ఉండేది. అందులో పనిచేసేవాళ్ళే క్లబ్బు పెట్టారు. చొక్కాలు కొనే స్తోమత లేక పిండి సంచులు కుట్టుకున్నారు. గొర్రెల వీపు మీద గుర్తులు వేసే నీలిరంగు పీపా ఒకటి మిగిలిపోయి ఉంటే అందులో ముంచారు. ఆ రంగు నిలిచే రంగు కాదు. చెమట పడితే కారేది. ఆట అయ్యేసరికి పదకొండు మందీ మెడ నుంచి మోకాలి దాకా నీలంగా తయారయ్యేవారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వాళ్ళని మరకలవాళ్ళు అని వెక్కిరించేవి. వీళ్ళు ఆ పేరే ఉంచేసుకున్నారు.

"ఒకసారి పెద్ద వానలో ఆట. అవతలివాళ్ళవి తెల్ల చొక్కాలు. సగం ఆట అయ్యేసరికి వాళ్ళూ నీలం, మేమూ నీలం! రిఫరీకి ఎవరెవరో తెలియలేదు. ఈల జేబులో పెట్టుకుని, 'మీరే తేల్చుకోండి' అని గొడుగు కిందికి పోయాడు!"

"ఎవరు గెలిచారు ప్రొఫె?"

"ఇప్పటికీ తగువే!"

వాళ్ళు గెలిచింది ఏమీ లేదు. క్లబ్బు అల్మారాలో ఉన్నది ఒకే ఒక్క కప్పు. అది కూడా పక్క ఊరివాళ్ళు మర్చిపోయి వెళ్ళినదట. ఆయన కూడా ఆటగాడు కాదు, చొక్కాలు ఉతికేవాడు. ఇదంతా ఆయన ప్రపంచాన్ని జయించినవాడిలా చెప్పేవాడు. మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

అన్నింటికంటే ఆయనకి ఇష్టమైన కథ వడ్డన కథ. మొదటి ఏడాది నది అవతలి ఊరి జట్టు పడవలో వచ్చింది. ఆట కొట్లాటగా మారింది. కొట్లాట ముగిసేసరికి నది పొంగింది, పడవ కదలదు. రెండు జట్లూ ఉన్ని కొట్టంలో చిక్కుకున్నాయి. తినడానికి పిండి, కొవ్వు, ఉప్పు తప్ప ఏమీ లేవు. కార్ఖానా వంటావిడ అవే కలిపి వేయించి, గరిటె పట్టుకుని నిలబడి ఒకే మాట అందిట. "ఎవడు ఎవణ్ణి కొట్టాడో వాడే వాడికి వడ్డించాలి. 'నా వల్ల నీకు నొప్పి కలిగింది, ముందు నువ్వు తిను' అనాలి. అంతవరకు ఈ కొట్టంలో ఎవరికీ ముద్ద లేదు." ఆకలికి ఒక్కొక్కడే లేచాడు. ఆనాటి నుంచి ఆ క్లబ్బుకి అదే ఆచారం. ఆట అవగానే బల్ల వేస్తారు, తప్పు చేసినవాడు వడ్డిస్తాడు, ఆ తర్వాతే అందరూ తింటారు.

"మరి క్లబ్బు ఇప్పుడు ఏ డివిజన్‌లో ఉంది ప్రొఫె?" అని అడిగాను.

ఆయన సొరబుర్రలోకి చూస్తూ చెప్పాడు. కార్ఖానా మూతపడింది. కుర్రాళ్ళు తలో దిక్కూ పోయారు. చివరి ఆట రోజున ఎలాగో పదకొండు మందిని కూడగట్టి, పిండి కలిపి, ఒడ్డున కూర్చున్నారు. అవతలి ఊళ్ళో పదకొండు మంది దొరకలేదు. పడవ రాలేదు.

"బల్ల వేశాం. వడ్డించడానికి ఎవరూ లేరు," అన్నాడు. "చనిపోయేలోపు ఒక్క ఆట. నీలం చొక్కాలతో, బల్లతో. అంతే నాకు కావలసింది."

"మేం ఆడతం ప్రొఫె!" అని బక్కోడు లేచి నిలబడ్డాడు. వాడు లేచాడు కాబట్టి నేనూ లేచాను.

కాంప్లెక్స్ పిల్లల్ని పోగేసి జట్టు కట్టాం. ఆ వేసవి అంతా మాకు అదే లోకం. వాన పడితే ప్రొఫె ఇంట్లో ఆ పిండివంట వేసేవాడు. వాళ్ళ దేశంలో వాన పడితే అందరి ఇళ్ళలో ఇదేనట, మనకి మిరపకాయ బజ్జీల్లాగా. మొదటి రోజు నేను నాలుగు తిన్నాక, డబ్బాలో తెల్లగా గడ్డకట్టి ఉన్నదేమిటని అడిగాను. ఆవు కొవ్వు అన్నాడు. నా చెయ్యి అలాగే ఆగిపోయింది. బక్కోడు మొహం పాలిపోయింది.

"అరే, మా ఇంట్ల చికెన్ నడుస్తది గానీ, గిది నడవది రా. ఎవ్వర్కి చెప్పకు!"

ఇంటికెళ్ళి బక్కోడి ఇంట్లో దోసెలు తిన్నానని చెప్పాను. నాకు అబద్ధం అంత తేలిగ్గా వచ్చేది. అమ్మ నా చొక్కా వాసన చూసి విషయం కక్కించి, మర్నాడు పెద్ద నూనె డబ్బాతో ఆయన తలుపు కొట్టింది.

"తాతగారూ, ఫర్ మై సన్, దిస్ ఆయిల్ ఓన్లీ. ప్లీజ్."

ప్రొఫె నిజంగా బాధపడ్డాడు. ఆ సాయంత్రమే కొత్త మూకుడు కొని, వేరే మేకుకి తగిలించి, పిల్లలది అని చీటీ అంటించాడు. తర్వాతి వానకి అమ్మ కూడా వచ్చి ఒకటి తిని చూసింది.

"ఇది మన పూరీయేరా, కాస్త మొద్దుగా ఉంది. ఆవకాయ ఉంటే అదిరిపోతుంది," అని పైకెళ్ళి జాడీ తెచ్చింది. ప్రొఫె ఒక ముక్క నంజుకుని, చెమటలు కక్కి, చొక్కా మీద పడిన ఎర్రనూనె మరక చూపించి, "ఇప్పుడు మీరూ మరకలవాళ్ళే!" అని గంతేశాడు.

జట్టు చొక్కాలకి రంగు వేసింది మేమే. కాంప్లెక్స్ లాండ్రీ గదిలో, ఎవరూ లేని సమయం చూసి, వాషింగ్ మెషిన్‌లో నీలిరంగు పొడి కుమ్మరించాం. పొడి పోసింది నేను. మెషిన్ కడగాలని నాకు తట్టలేదు. మా తర్వాత బట్టలు వేసిన అంకుల్ గంట తిరిగేసరికి ఆకాశం రంగు చొక్కాతో బయటికి వచ్చాడు.

"ఎవడ్రా ఇది? రేపు నాకు క్లయింట్ ఇంటర్వ్యూ! ఉన్నది ఒక్క తెల్ల చొక్కా!"

నేను అందరి వెనక్కి జరిగాను. బక్కోడు ముందుకు వెళ్ళి, "నేనే అంకుల్, సారీ," అన్నాడు. తిట్లు తిన్నాడు. అంకుల్‌కి ఆ నీలం చొక్కాతోనే ఉద్యోగం వచ్చింది, అది వేరే సంగతి. మెట్లెక్కుతూ నేను, "నువ్వెందుకు చెప్పావ్?" అన్నాను. వాడు భుజాలెగరేసి, "నువ్వు భయపడుతున్నవ్ కదరా," అన్నాడు. నాకు సిగ్గు వేయాల్సింది. సంతోషం వేసింది.

సెప్టెంబరులో పక్క కాలనీ ట్రావెల్ టీమ్, ఊరూరా తిరిగి ఆడే జట్టు, ఆటగాళ్ళని ఎంచుకోవడానికి ట్రైఅవుట్స్ పెట్టింది. ఇద్దరం వెళ్ళాం. వాడిని తీసుకున్నారు, నన్ను తీసుకోలేదు. తెల్ల జెర్సీ, వీపు మీద అంకె, కొత్త బూట్లు. వాడు అవన్నీ వేసుకుని మా తలుపు ముందు రొప్పుతూ నిలబడ్డాడు.

"అరే, మా కోచ్‌ని అడిగిన రా! మన ప్రొఫె టీమ్‌తోని ఒక మ్యాచ్ ఆడుతరంట! బల్ల గూడ వేసుకుందాం అన్న, ఓకే అన్నడు! ప్రొఫెకి చెప్దాం పా!"

"నువ్వు ఎటు ఆడతావ్?"

"గటే ఆడాలె, రూల్ అంట. అయితేంది రా, మ్యాచ్ అయితది కదా!"

ప్రొఫె ఆ మాట విని గడ్డికోసే యంత్రం ఆపేశాడు. బక్కోడి తలని రెండు చేతుల్లో పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టాడు. నేను పక్కన నిలబడి చూశాను. ఆయన ఎదురుచూసిన పడవని తెచ్చింది వాడు. నాకు ఆ ముద్దే కనిపించింది.

ఆట రోజు తుంపర పడుతోంది. అంతకంటే మంచి వాతావరణం ప్రొఫె కోరుకోలేదు. పది నిమిషాలకే మా మోచేతుల మీదుగా నీలం కారడం మొదలైంది. బీడు చుట్టూ ఆంటీలు గొడుగులు పట్టుకుని, "పరిగెత్తరా! కాలు చూసుకో!" అని కేకలు. ప్రొఫె కాలు ఈడ్చుకుంటూ గీత వెంట అటూ ఇటూ పరిగెడుతున్నాడు, ఏ భాషో ఆయనకే తెలియాలి. మేం ఒకటి వేశాం. వాళ్ళు రెండు వేశారు, రెండూ బక్కోడివే. మా లావుపాటి గోల్‌కీపర్ బంతిని మొహంతో ఆపి, ముక్కు పట్టుకుని, "సేవ్ చేశా!" అని అరిచాడు. ఇంకో గోల్ వేసి సమం చేశాం. ఆ అరుపులకి కంచె మీది పిట్టలన్నీ లేచిపోయాయి. నా జీవితంలో అంత సంతోషంగా పరిగెత్తిన రోజు మరొకటి లేదు.

ఇంకో రెండు నిమిషాలు. బక్కోడు బంతితో వచ్చాడు. నన్ను ఎడమకి తిప్పి కుడి నుంచి దాటిపోయాడు. దాటుతూ, "రా రా, పట్టుకో!" అని నవ్వాడు. రోజూ ఆడేటప్పుడు నవ్వే నవ్వే అది. బంతి నాకు అందదని తెలుసు. వెనక నుంచి వాడి మడమ మీద, చూసి, బలంగా తన్నాను. ఎండుకొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు వినిపించింది.

రిఫరీగా ఉన్నది పార్కింగ్ అంకుల్స్‌లో ఒకాయన. ఆ సమయానికి ఫోన్‌లో తన ఆఫీసు ఆఫ్‌షోర్ వాళ్ళని కేకలేస్తున్నాడు. తలతిప్పి, "ఏమైంది?" అన్నాడు.

"ఐ గాట్ ద బాల్! క్లీన్!" అని అరిచాను. బంతినే తన్నాను, తప్పేం లేదన్నట్టు చేతులు కూడా పైకెత్తాను.

అంకుల్ నమ్మాడు. రెండు రెండుతో ఆట ముగిసింది.

బీడు పక్కనున్న షెడ్డు కింద రెండు మడత బల్లలు కలిపి, పైన దుప్పటి పరిచి ప్రొఫె అంతా సిద్ధం చేసి ఉంచాడు. గుట్టగా పిండివంట, పొగలు. అమ్మ ఆవకాయ. రెండు జట్లూ తడిసి, ఆకలితో వణుకుతూ చుట్టూ నిలబడ్డాయి. తెల్ల జెర్సీలు సగం నీలం అయిపోయాయి. ప్రొఫె గొంతు సర్దుకుని ఆచారం చెప్పాడు. మొదట అందరూ ఇకిలించారు. తర్వాత ఆ బంతి తన్నిన వాళ్ళ ఎర్రజుట్టు కుర్రాడు ప్లేటు తీసుకుని మా గోల్‌కీపర్ దగ్గరికి వచ్చాడు. "నీ ముక్కుకి సారీ మ్యాన్. నువ్వు ముందు తిను." చప్పట్లు! ఆ తర్వాత పోటీ పడ్డారు. "నేను నీ చొక్కా లాగాను!" "నేను నిన్ను మోచేత్తో పొడిచాను, నువ్వు చూసుకోలేదు!" ప్లేట్లు అటూ ఇటూ తిరుగుతుంటే ప్రొఫె మొహం వెలిగిపోయింది. నది అవతలి పడవ ఇన్నాళ్ళకి వచ్చింది.

చివరికి బక్కోడు ఒక్కడే మిగిలాడు. కుర్చీలో కూర్చుని, వాచిన మడమ మీద ఐసు సంచి పెట్టుకుని ఉన్నాడు. వాడి చేతిలో ప్లేటు లేదు. ఎవరూ తినడం లేదు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు ప్రొఫె. నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదని ఇప్పుడు నాకు తెలుసు.

నేను బల్ల చివర కూర్చుని దుప్పటి గళ్ళు చూస్తున్నాను. లేచి పది అడుగులు వేస్తే సరిపోయేది. పిల్లలు గుసగుసలాడారు. పొగలు తగ్గాయి. అప్పుడు బక్కోడు మాట్లాడాడు.

"ప్రొఫె, హి గాట్ ద బాల్. నేనే జారిన."

నాకు ఒళ్ళంతా తేలికైంది. ఆ తేలికదనాన్ని తలుచుకుంటే ఇవాళ్టికీ తల వంగిపోతుంది.

ప్రొఫె ప్లేటు తీసుకుని, రెండు వేసి, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి బక్కోడి ముందు వంగాడు. "నా వల్ల నీకు నొప్పి కలిగింది. ముందు నువ్వు తిను." వాడు ఆ ప్లేటు అందుకుంటూ నా వైపు చూశాడు. నేను తల తిప్పుకుని పళ్ళెంలోకి చెయ్యి చాపాను. మూడు తిన్నాను. బాగున్నాయి కూడా. ప్రొఫె మాత్రం ముట్టలేదు.

మర్నాడు ఆయన మూకుడు తోముతుంటే వెళ్ళి, "ఆట బాగా జరిగింది కదా ప్రొఫె?" అన్నాను.

"ఆట బాగా జరిగింది," అన్నాడు. బల్ల గురించి ఏమీ అనలేదు.

బక్కోడి మడమ ఎముక చిట్లింది. ఆ సీజన్ అంతా వాడు తెల్ల జెర్సీ వేసుకోలేదు. వాళ్ళ నాన్న ప్రాజెక్టు అయిపోయి నెల తిరక్కుండా ఊరు మారారు. ట్రక్కులోకి పెట్టెలు ఎక్కించడానికి నేనే సాయం చేశాను. వాడు కర్ర ఊతంతో నిలబడి, "గది పైలం రా, టీవీ!" అని నవ్విస్తూనే ఉన్నాడు. చెప్పడానికి ఒక మధ్యాహ్నం అంతా ఉంది. చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత ప్రొఫె కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. అక్కడే చనిపోయాడని అపార్ట్‌మెంట్ ఆఫీసులో ఎవరో చెబితే తెలిసింది. మేం ఆడిన బీడులో ఇప్పుడు కిటికీలు లేని డేటా సెంటర్ ఉంది. పక్కనుంచి వెళితే రోజంతా హోరు.

ఆ క్లబ్బు కోసం ఇంటర్నెట్‌లో ఎన్నోసార్లు వెతికాను. ఏమీ లేదు. పిండి సంచులు, నీలిరంగు పీపా, గొడుగు కిందికి పోయిన రిఫరీ, ఇవన్నీ గుర్తున్నవాళ్ళు మేమిద్దరమే మిగిలామేమో. ఒక ముసలాయన జీవితంలో అడిగింది ఒక్క ఆట, ఒక్క బల్ల. అందులో ఆట నా స్నేహితుడు ఇచ్చాడు. బల్ల నేను పాడుచేశాను. పిల్లతనం అని సర్ది చెప్పుకుంటూ వచ్చాను. పెద్దవాణ్ణయ్యాక పెళ్ళిళ్ళలో వాణ్ణి నాలుగుసార్లు కలిశాను, పక్కపక్కనే నిలబడి తిన్నాం కూడా. అది పిల్లతనం కాదు కదా.

నిన్న పొద్దున్న బక్కోడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు జార్జియాలో, అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాడు.

"ఏంది రా, ఇంత పొద్దుగాల? అంతా మంచిదేనా?"

"ఒకటి చెప్పాలి. ప్రొఫె మ్యాచ్‌లో నేను బాల్‌ని కొట్టలేదు రా. నీ కాలిని కొట్టాను. చూసి కొట్టాను."

అవతల వాడి పిల్లల గోల. తలుపు మూసిన చప్పుడు. గోల ఆగిపోయింది.

"నాకెర్కే," అన్నాడు.

"తెలుసా? మరి ఆయనతో అలా ఎందుకు చెప్పావ్?"

"నేను గట్లంటే నువ్వు సిగ్గుపడి లేస్తవనుకున్న రా. ఇప్పుడు లేస్తడు, ఇప్పుడు లేస్తడు అని చూసిన. నువ్వు తినుడు షురూ చేసినవ్."

ఆ రోజు తిన్న మూడూ గుర్తొచ్చాయి.

"సారీ రా," అన్నాను.

"ఫోన్ల చెప్తే నడవది. రూల్ నీకెర్కే కదా."

"శనివారం అట్లాంటాకి ఫ్లైట్ బుక్ చేశాను. మీ ఇంట్లో మైదా ఉందా?"

వాడు పెద్దగా నవ్వాడు. బంతితో నన్ను దాటిపోతూ నవ్విన నవ్వే.

"మైదా ఉంది, నూనె ఉంది. రా. నువ్వొచ్చి వడ్డించేదాంక ఏం తినకుండ కూసుంట."